వేలిముద్ర పోలిందా, లేదా? తేల్చేది యంత్రం కాదు, మనిషే
వేలిముద్రల విభాగంలో కొత్త ఉద్యోగి విధులు, శిక్షణ, బాధ్యత

చోరీ జరిగిన ఇంట్లో బీరువా తలుపు మీద, పగిలిన కిటికీ అద్దం మీద మెత్తని బ్రష్‌తో పొడి అద్దుతూ కనిపించే ఉద్యోగులు జిల్లా పోలీసు శాఖలోని వేలిముద్రల విభాగానికి చెందినవారు. 'క్లూస్ టీం ఆధారాలు సేకరించింది' అన్న ఒక్క వాక్యంతో వార్తల్లో వారి ప్రస్తావన ముగుస్తుంది. వారి అసలు పని మాత్రం అక్కడి నుంచే మొదలవుతుంది. వారు ఇచ్చే అభిప్రాయం ఒకరిని జైలుకు పంపగలదు, మరొకరిని నిర్దోషిగా నిలబెట్టగలదు.

ఈ విద్య పుట్టింది మన దేశంలోనే. వేలిముద్రలను వర్గీకరించి భద్రపరిచే కార్యాలయం ప్రపంచంలో మొదటిసారిగా 1897లో కలకత్తాలో ఏర్పాటైంది. నాటి బెంగాల్ పోలీసు ఉన్నతాధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరిట ఆ వర్గీకరణ విధానం ప్రసిద్ధి పొందినా, దాని వెనుక లెక్కను కట్టినవారు ఆయన కింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పది వేళ్ల ముద్రలను 1,024 ప్రాథమిక తరగతులుగా విభజించే ఆ పద్ధతిని 1901లో లండన్‌లోని స్కాట్లండ్ యార్డ్ సైతం స్వీకరించింది. కీర్తి మాత్రం చాలాకాలం దొరగారికే దక్కింది.

శంఖాలు, చక్రాలు

కొత్తగా చేరినవారు మొదట నేర్చుకునేది గీతలను చదవడం. మన పెద్దలు వేళ్ల కొసల మీద చూసి చెప్పే శంఖాలు, చక్రాలే ఈ శాస్త్రంలోనూ ఉన్నాయి. శంఖాన్ని లూప్ అని, చక్రాన్ని వోర్ల్ అని, విల్లులా వంగి సాగిపోయే గీతలను ఆర్చ్ అని వ్యవహరిస్తారు. సుమారు 60 నుంచి 65 శాతం ముద్రలు లూప్ రకానివే. ఆర్చ్‌లు 5 శాతం వరకు ఉంటాయి. జాతకం చెప్పేవారికి ఇంతతో సరిపోతుందేమో గాని నిపుణులకు చాలదు. రకం ఒకటే అయినంత మాత్రాన ముద్ర ఒకరిదే కాబోదు. ఏ గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది, వాటి నడుమ ఎన్ని గీతలున్నాయి అన్నదే అసలు పరీక్ష. తల్లి గర్భంలోనే ఏర్పడే ఈ గీతల అమరిక లోతైన గాయమైతే తప్ప జీవితాంతం మారదు.

రెండో పని ముద్రలు తీయడం. గోటి ఒక అంచు నుంచి మరో అంచు వరకు వేలిని దొర్లించి ముద్ర తీసుకోవాలి. పూర్వం గాజు పలకపై సిరా పూసి తీసేవారు, ఇప్పుడు లైవ్ స్కానర్లు వచ్చాయి. సాధనం ఏదైనా సిమెంటు, సున్నం, ఇటుకల పనిలో చేతులు అరిగినవారి ముద్రలు ఓ పట్టాన పడవు. రేషన్ దుకాణం వద్ద ఈ-పాస్ యంత్రం ముందు వేలు మార్చి మార్చి పెట్టే వృద్ధుల ఇబ్బందికీ కారణమిదే.

నేరస్థలంలో పని ఇంకా సున్నితం. ముదురు రంగు వస్తువుపై లేత పొడి, లేత రంగు వస్తువుపై నల్ల పొడి వాడతారు. కాగితంపై పడిన ముద్రను నిన్‌హైడ్రిన్ ద్రావణం ఊదా రంగులో బయటపెడుతుంది. పాలిథిన్ సంచులకు సూపర్ గ్లూ ఆవిరి పట్టిస్తారు. దొరికిన ముద్రలన్నీ దొంగవి కావు గనుక ఇంటిల్లిపాది ముద్రలూ తీసుకుని వాటిని ముందుగా వేరు చేస్తారు. బాధితులు కంగారుతో బీరువా సర్దడం, తలుపులు తుడవడం వల్లనే చాలాచోట్ల ఆధారం చెరిగిపోతుంది. బృందం వచ్చేవరకు దేన్నీ తాకకపోవడమే దర్యాప్తుకు చేయగల పెద్ద సాయం. గుర్తు తెలియని మృతదేహాల వేలిముద్రలు తీసి, ఆచూకీ తెలియక తల్లడిల్లుతున్న కుటుంబానికి కబురు చేర్చడమూ ఈ విభాగం చేతిలోని పనే.

జాబితా ఇచ్చేది కంప్యూటర్

2022లో జాతీయ స్థాయి వేలిముద్రల గుర్తింపు వ్యవస్థ నాఫిస్ ప్రారంభమైంది. ఇందులో నమోదైన ప్రతి నేరస్థునికీ పది అంకెల సంఖ్య కేటాయిస్తారు. ఘటనాస్థలిలో దొరికిన ముద్రను ఇస్తే దగ్గరి పోలికలున్నవారి జాబితాను కంప్యూటర్ చూపుతుంది. అది చేసేది అంతవరకే. జాబితాలోని ముద్రను పక్కన పెట్టుకుని గీత గీతనూ పోల్చి, నిర్ణయానికి వచ్చి, దాన్ని మరో నిపుణుడి పరిశీలనకు పంపాల్సింది మనిషే. ఇన్ని లక్షణాలు కలిస్తే చాలునని మన చట్టం ఎక్కడా సంఖ్య నిర్దేశించలేదు. అందుచేత బాధ్యత మరింత బరువైంది.

ఈ బరువు ఎంతటిదో 2004 నాటి మాడ్రిడ్ రైలు పేలుళ్ల కేసు చూపింది. డిటొనేటర్లున్న ప్లాస్టిక్ సంచిపై దొరికిన ముద్రకు అమెరికాలోని ఒక న్యాయవాది బ్రాండన్ మేఫీల్డ్ పేరును కంప్యూటర్ జాబితా చూపింది. ఎఫ్‌బీఐ నిపుణులు అది ఆయనదేనని తేల్చారు. మొదటివారి నిర్ణయాన్ని తర్వాతివారు బలపరిచారే తప్ప ప్రశ్నించలేదు. స్పెయిన్ పోలీసులు అభ్యంతరం తెలిపినా వినలేదు. ఆయన సుమారు రెండు వారాలు నిర్బంధంలో ఉన్నాక ఆ ముద్ర ఓ అల్జీరియా దేశస్థుడిదని తేలింది. అమెరికా ప్రభుత్వం క్షమాపణ చెప్పి 2006లో 20 లక్షల డాలర్ల పరిహారం చెల్లించింది. అనుభవజ్ఞులే ఇలా పొరబడినప్పుడు, కొత్త ఉద్యోగి 'ఈ ముద్ర పోల్చడానికి సరిపోదు' అని రాయవలసి వస్తే వెనుకాడనక్కర్లేదు. కేసు త్వరగా తేల్చాలన్న ఒత్తిడి ఉన్న చోట అలా రాయడానికి ధైర్యం కావాలి.

అర్హత, చట్టం

తెలంగాణలో పోలీసు నియామక మండలి 2018, 2022 ప్రకటనల ద్వారా వేలిముద్రల విభాగంలో ఏఎస్ఐ పోస్టులను నేరుగా భర్తీ చేసింది. పోస్టుల సంఖ్య మాత్రం స్వల్పం. 2018లో 26, 2022లో 8. ఉద్యోగం రావడంతోనే నిపుణుడు కాలేరు. జాతీయ నేర గణాంక సంస్థ పరిధిలోని కేంద్ర వేలిముద్రల విభాగం అఖిల భారత బోర్డు పరీక్ష నిర్వహిస్తుంది. రాతపరీక్షతో పాటు ప్రాక్టికల్స్ ఉంటాయి. అందులో ఉత్తీర్ణులైనవారే నిపుణులుగా గుర్తింపు పొందుతారు.

1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం స్థానంలో 2022 ఆగస్టు 4 నుంచి కొత్త చట్టం అమలులోకి వచ్చింది. వేలిముద్రలతో పాటు అరచేతి, పాదాల ముద్రలు, కనుపాప చిత్రాలు కూడా సేకరించి 75 ఏళ్లు భద్రపరచవచ్చు. పూర్వం శిక్ష పడనివారు విచారణ లేకుండా విడుదలైతే గాని, న్యాయస్థానం నిర్దోషిగా ప్రకటించి అప్పీళ్ల దశ ముగిస్తే గాని, కోర్టు వేరుగా ఆదేశించకుంటే ఆ వివరాలు తొలగించాలి. ఈ నిబంధన ఎంతమందికి తెలుసన్నది సందేహమే.

ఆధార్‌లోని వేలిముద్రలతో పోల్చి దొంగను పట్టవచ్చు కదా అని చాలామంది అడుగుతుంటారు. 2016 ఆధార్ చట్టం సాధారణ నేర దర్యాప్తుకు ఆ ముద్రలు ఇవ్వడాన్ని అనుమతించదు. పోలీసుల వద్ద ఉన్నవి నేర నమోదులో భాగంగా తీసిన ముద్రలే. తొలిసారి నేరం చేసినవాడి ముద్ర ఎంత స్పష్టంగా దొరికినా కంప్యూటర్ పేరు చెప్పలేకపోవడానికి కారణం ఇదే. అలాంటి ముద్రను భద్రపరిచి ఉంచుతారు. ఆ వ్యక్తి ఎన్నడైనా మరో కేసులో పట్టుబడి పది వేళ్ల ముద్రలు ఇచ్చిన రోజున, పాత ఫైలు మళ్లీ తెరుచుకుంటుంది.