ల్యాప్‌టాప్ వయసు ఎవరు డిసైడ్ చేస్తారు? స్పీడు, జిగురు, క్యాలెండర్

షాపుకెళ్ళి "ఈ ల్యాప్‌టాప్ ఎన్నేళ్ళొస్తుంది?" అని అడగండి. "నాలుగైదేళ్ళండి" అంటారు. ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఎవరూ చెప్పరు. మన ఇళ్ళల్లో పిల్లలు బీటెక్‌లో చేరితే యాభై అరవై వేలు పెట్టి, చాలాసార్లు ఈఎంఐలో, ల్యాప్‌టాప్ కొంటారు. ఆ అప్పు తీరిన కొన్నాళ్ళకే "పాతదైపోయింది, మార్చేయండి" అంటే నమ్మాలా వద్దా? దీనికి జవాబు హిస్టరీలో ఉంది.

ముందే చెప్పేస్తున్నా. ల్యాప్‌టాప్‌ని మూలన పడేసే కారణం కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. మొదట స్పీడు, తర్వాత జిగురు, ఇప్పుడు క్యాలెండర్.

1981కి వెళ్దాం. ఆస్బోర్న్ 1 అనే కంప్యూటర్ వచ్చింది. చేత్తో మోసుకెళ్ళొచ్చు అని అమ్మారు. బరువు 11 కిలోలు, లోపల బ్యాటరీ లేదు! 1985లో తోషిబా టీ1100తో మనకి తెలిసిన ల్యాప్‌టాప్ ఆకారం దగ్గరపడింది. ఆ తర్వాత మొదలైంది అసలు పరుగు. 1992లో ఇంటెల్ 486 డీఎక్స్2 చిప్ స్పీడు 66 మెగాహెర్ట్జ్. 2000 నాటికి పెంటియమ్ 3 ఒక గిగాహెర్ట్జ్ దాటేసింది. ఎనిమిదేళ్ళలో దాదాపు 15 రెట్లు! సాఫ్ట్‌వేర్ కూడా అలాగే బరువెక్కింది. విండోస్ 95కి కనీసం 4 ఎంబీ ర్యామ్ చాలు. 2007లో విండోస్ విస్టా బేసిక్‌కే 512 ఎంబీ కావాలి. అంటే 128 రెట్లు. మీ మెషీన్ చెక్కుచెదరకుండా ఉన్నా కొత్త సాఫ్ట్‌వేర్ దాని మీద నడవదు. ఆ రోజుల్లో మూడు నాలుగేళ్ళకి మార్చడంలో న్యాయం ఉంది.

కానీ ఆ పరుగు నెమ్మదించింది. 2009లో వచ్చిన విండోస్ 7కి కనీస ర్యామ్ 1 జీబీ. 2015లో వచ్చిన విండోస్ 10, 32 బిట్ వెర్షన్‌కి కూడా అదే 1 జీబీ. పైగా పాత హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేస్తే ముసలి ల్యాప్‌టాప్ కూడా లేచి కూర్చుంది. నేను ఉద్యోగం చేసిన ఆఫీసులో ల్యాప్‌టాప్‌లు మూడేళ్ళకోసారి మార్చేవాళ్ళు. అవి పాడైపోయి కాదు, వారంటీ అయిపోయి. అది కంపెనీ లెక్క. మన ఇంటి లెక్క అది కానక్కర్లేదు.

ఇక రెండోది, జిగురు. 2008లో స్టీవ్ జాబ్స్ ఒక కవర్‌లోంచి మ్యాక్‌బుక్ ఎయిర్ తీసి చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. కానీ అందులో ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంది, బ్యాటరీ బయటికి ఊడి రాదు. 2012 రెటీనా మ్యాక్‌బుక్ ప్రోలో బ్యాటరీని ఏకంగా జిగురుతో అతికించారు. తర్వాత సన్నటి ల్యాప్‌టాప్‌లు చేసే చాలా కంపెనీలు ఇదే దారి పట్టాయి. బ్యాటరీ అరిగిపోయే వస్తువు. చాలా వాటిలో 300 నుంచి 500 ఛార్జ్ సైకిల్స్‌కి బలం తగ్గుతుంది. అరిగిపోయేదాన్ని లోపల అతికించేస్తే మొత్తం మెషీన్ వయసు దాని వయసే అవుతుంది. అందుకే యూరప్‌లో చట్టం వచ్చింది. 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే పరికరాల్లో, కొన్ని మినహాయింపులతో, బ్యాటరీని వాడేవాళ్ళే మార్చుకోగలగాలి.

మూడోది క్యాలెండర్. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. మరి విండోస్ 11 వేసుకోవాలంటే? టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి. ఇంటెల్ అయితే, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, 8వ జనరేషన్ లేదా ఆ పైది ఉండాలి. అంటే 2017 మొదట్లో మంచి ధర పెట్టి కొన్న ఐ7 కూడా లిస్టులో లేదు. స్క్రీన్ బాగుంది, కీబోర్డ్ బాగుంది, స్పీడూ బాగుంది. తేదీ ఒక్కటే బాలేదు.

సో, ఎప్పుడు మార్చాలి? వయసు చూడొద్దు, జబ్బేంటో చూడండి. స్లోగా ఉందా? హార్డ్ డిస్క్ ఉంటే ఎస్‌ఎస్‌డీ వేయించండి, వీలైతే ర్యామ్ పెంచండి. ఛార్జింగ్ నిలవట్లేదా? బ్యాటరీ మార్పించండి. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బిందంటే మాత్రం బ్యాటరీ ఉబ్బినట్టే, వెంటనే వాడటం ఆపేయండి. అప్‌డేట్లు ఆగిపోయాయా? లైనక్స్ మింట్ లాంటివి ఫ్రీగా వేసుకోవచ్చు. అప్‌డేట్లు లేని విండోస్‌లో బ్యాంక్ పనులు మాత్రం చేయొద్దు. మదర్‌బోర్డ్ పోయి, రిపేర్ ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే అప్పుడు మార్చండి. లేదా మీ చదువుకి, పనికి కావాల్సిన సాఫ్ట్‌వేర్ దాని మీద నిజంగా నడవకపోతే మార్చండి.

ఈసారి కొనేటప్పుడు షాపులో ఈ మూడూ అడగండి: ర్యామ్ పెంచుకోవచ్చా, బ్యాటరీ విడిగా దొరుకుతుందా, అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా వస్తాయి? నాలుగైదేళ్ళా, పదేళ్ళా అన్నది సగం అక్కడే తేలిపోతుంది.