సెలవు తర్వాత ఉత్తరాల కుప్ప

పది రోజులు సెలవు పెట్టి పెళ్ళికో, తీర్థయాత్రకో వెళ్ళి వచ్చారనుకోండి. ఆఫీసులో కంప్యూటరు తెరిచేసరికి 400 ఇ-మెయిళ్ళు చదవకుండా పడి ఉంటాయి. వాటిలో చాలా భాగం మీకు అక్కరలేనివే. కానీ అక్కరలేనివి ఏవో తెలియాలంటే అన్నీ తెరిచి చూడాల్సిందే. ఈ బాధకు జడిసి సెలవులో ఉండగానే ఫోను తీసి జవాబులు రాసేవారు మీలో ఎందరో ఉంటారు. సెలవు పెట్టడమే తగ్గించుకున్నవారూ ఉంటారు.

ఇలా ఉత్తరాలు పేరుకుపోతే సాధారణంగా మనల్ని మనమే తిట్టుకుంటాం. పైవాళ్ళూ మననే అంటారు. నిజానికి ఈ కుప్ప వెనుక ఒక చరిత్ర ఉంది. ఒకప్పుడు ఆఫీసు ఉత్తరం ఉద్యోగం పేరున వచ్చేది. ఇప్పుడు ఉద్యోగి పేరున వస్తోంది. చూడటానికి చిన్నదైన ఈ మార్పు ఎలా జరిగిందో, దాని ఫలితాన్ని గణితం ఎలా లెక్క కడుతుందో తెలుసుకుందాం.

సీటుకు వచ్చే తపాలు

మన కలెక్టరు కచేరీల్లో, తాలూకా ఆఫీసుల్లో ఉత్తరాలను నడిపిన పద్ధతికి టోటెన్‌హామ్ పద్ధతి అని పేరు. మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన రిచర్డ్ టోటెన్‌హామ్ అనే ఐ.సి.ఎస్. అధికారి పేరు దానికి స్థిరపడింది. ఆంధ్ర ప్రాంతపు ఆఫీసులకు ఇది ఆ ప్రెసిడెన్సీ నుంచే సంక్రమించింది.

ఈ పద్ధతిలో వచ్చిన ప్రతి తపాలుకూ ఒక నంబరు వేస్తారు. నంబరు పడిన ఉత్తరాన్ని 'కరెంటు' అంటారు. విషయాన్ని బట్టి అది ఒక సీటుకు వెళుతుంది. ఆ సీటులోని గుమాస్తా దాన్ని తన పర్సనల్ రిజిస్టరులో ఎక్కిస్తాడు. ఎప్పుడు అందింది, ఎవరి నుంచి వచ్చింది, పైఅధికారికి ఎప్పుడు సమర్పించారు, చివరకు ఏమైంది అన్నవన్నీ ఆ రిజిస్టరు గడుల్లో నమోదవుతాయి. కోర్టు వ్యాజ్యం వంటి కారణంతో చాలాకాలం కదలడానికి వీలులేని ఫైళ్ళను 'కాల్ బుక్'లోకి మారుస్తారు. తేలిపోయిన కాగితాన్ని శాశ్వతంగా ఉంచాలా, కొన్నేళ్ళ తర్వాత తగలబెట్టాలా అన్నదీ అప్పుడే నిర్ణయిస్తారు.

ఈ పద్ధతిలో జాప్యం లేదని ఎవరూ అనరు. ఫైలు కదలక చెప్పులరిగేలా తిరిగినవారు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. అయినా అందులో ఒక గుణం ఉంది. కరెంటు చేరేది సీటుకు. సీటులోని మనిషి సెలవుపై వెళితే చార్జి ఇంకొకరికి అప్పగించి వెళ్ళాలి. అధికారి వెళితే మరో అధికారి పూర్తి అదనపు బాధ్యతలు తీసుకుంటారు. తిరిగి వచ్చిన గుమాస్తాకు కుప్ప ఎదురైనా, ఆ కుప్ప రిజిస్టరులో అందరి కంటికీ కనిపించేది. అది ఆఫీసు బకాయి, ఆయన ఒక్కడి సొంత అప్పు కాదు.

పేరుకు వచ్చే ఉత్తరం

కంప్యూటరు ఉత్తరం మొదటి నుంచీ వేరే దారి పట్టింది. 1965లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో, ఒకే పెద్ద కంప్యూటరును అనేకమంది పంచుకునే ఏర్పాటులో, ఒకరికొకరు సందేశాలు వదిలే 'మెయిల్' అనే ఆదేశాన్ని టామ్ వాన్ వ్లెక్, నోయెల్ మారిస్ తయారు చేశారు. సందేశం నేరుగా ఆ వ్యక్తి పేరున ఉన్న ఫైలులో చేరేది.

ఆ తర్వాత వచ్చిన ఆర్పానెట్‌లో ఊరూరి కంప్యూటర్లు కలిశాయి. ఈ వల మీద ఉత్తరాలు ఎలా పంపాలన్న ప్రశ్నకు 1971 జులైలో రిచర్డ్ వాట్సన్ ఒక ప్రతిపాదన రాశారు. దాని ప్రకారం దూరం నుంచి వచ్చిన సందేశం అవతలి సంస్థలోని ప్రింటరు మీద కాగితంగా అచ్చవుతుంది. దాన్ని అక్కడివారు నంబర్లు వేసిన అరల్లోకి పంచుతారు. అంటే ఇది తపాలు గది పద్ధతే.

రే టామ్లిన్సన్‌కు ఇది మరీ చుట్టుతిరుగుడుగా తోచింది. అదే ఏడాది చివర ఆయన మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో, పక్కపక్కనే ఉన్న రెండు కంప్యూటర్ల మధ్య, వల మీదుగా మొదటి ఇ-మెయిల్ పంపారు. చిరునామాలో ముందు మనిషి పేరు, తర్వాత 'ఎట్' గుర్తు, ఆపైన కంప్యూటరు పేరు పెట్టారు. పంచే మనిషి, ఎక్కించే రిజిస్టరు, అప్పగించే చార్జి ఏవీ అవసరం లేకుండా ఉత్తరం నేరుగా మనిషిని చేరింది. ఇ-మెయిల్ వేగానికి అదే మూలం. సెలవు తర్వాతి కుప్పకూ అదే మూలం.

మన దేశంలో 1986లో మొదలైన ఎర్నెట్ పథకం ద్వారా ఐ.ఐ.టి.లు, బెంగుళూరులోని ఐ.ఐ.ఎస్‌సి., బొంబాయిలోని ఎన్.సి.ఎస్.టి. వంటి సంస్థలకు ఇ-మెయిల్ వచ్చింది. 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ఇంటర్నెట్‌ను ప్రజలకు అందించింది. అప్పటికి వ్యక్తి పేరున చిరునామా అన్నది ప్రపంచమంతటా స్థిరపడిపోయింది.

సెలవులో జవాబిచ్చే ప్రోగ్రాము

కష్టం త్వరగానే బయటపడింది. 1982 మార్చిలో, అమెరికాలోని కంప్యూటరు నిపుణుల సంఘం ఎ.సి.ఎం.కు అధ్యక్షుడిగా ఉన్న పీటర్ డెన్నింగ్ 'ఎలక్ట్రానిక్ జంక్' అనే శీర్షికతో ఒక లేఖ ప్రచురించారు. సమాచారాన్ని తయారు చేయడం, పంపడం మీదే ఇంతకాలం దృష్టి పెట్టామనీ, ఇక అందుకునేవారి సంగతి చూడాలనీ ఆయన వాదన.

మరుసటి ఏడాది బర్క్‌లీలో ఎరిక్ ఆల్‌మన్ 'వెకేషన్' అనే చిన్న ప్రోగ్రాము రాశారు. సెలవులో ఉన్నవారి తరఫున ఇదే జవాబిస్తుంది. అందులో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. ఒకసారి జవాబిచ్చిన వారి చిరునామాను అది గుర్తుపెట్టుకుని, మామూలుగా మరో వారం దాకా వారికి మళ్ళీ జవాబివ్వదు. ఎందుకో ఊహించండి. ఇద్దరు మిత్రులు ఒకేసారి సెలవులో ఉంటే, ఒకరి యంత్రానికి ఇంకొకరి యంత్రం జవాబిస్తూ పోతుంది. ఆపేవారుండరు!

అయితే ఈ ప్రోగ్రాము చేసేది కబురు చెప్పడం వరకే. ఉత్తరం మాత్రం పెట్టెలోనే ఉంటుంది. సీటులో మనిషి లేడని తలుపు మీద చీటీ అంటించి, తలుపు సందులోంచి కాగితాలు లోపలికి వేయనిచ్చినట్లు ఉంటుంది ఈ ఏర్పాటు.

క్యూ లెక్క

ఇప్పుడు గణితం వైపు వద్దాం. 1908లో కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో చేరిన ఆగ్నర్ ఎర్లాంగ్, ఎన్ని లైన్లుంటే ఫోను చేసేవారికి ఇబ్బంది కలగదన్న ప్రశ్నతో 1909లో ఒక వ్యాసం ప్రచురించారు. క్యూ సిద్ధాంతం అక్కడ పుట్టింది. ఆ సిద్ధాంతం చెప్పే ముఖ్యమైన సంగతి ఇది: క్యూ ఎంత పొడవవుతుందన్నది పని ఎంత ఉందన్న దానికంటే, తీరిక ఎంత మిగిలిందన్న దాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. వచ్చేవారు ఎప్పుడు వస్తారో తెలియని, ఒక్కొక్కరికి పట్టే సమయమూ ముందుగా తెలియని ఒక సాదా కౌంటరును తీసుకోండి. గుమాస్తా సగం సమయం ఖాళీగా ఉంటే సగటున కౌంటరు దగ్గర ఉండేది ఒక్కరే. ఆయన సమయంలో 90 శాతం పనిలో గడిస్తే 9 మంది ఉంటారు. 99 శాతమైతే 99 మంది!

ఇక మీ ఉత్తరాల సంగతి. రోజుకు 40 వస్తాయి, మీరు 50 వరకు చూడగలరు అనుకోండి. పది పనిదినాల సెలవు తర్వాత 400 పోగవుతాయి. తిరిగి వచ్చాక రోజూ 50 చూసినా, 40 కొత్తవి వస్తూనే ఉంటాయి కాబట్టి కుప్ప తరిగేది రోజుకు 10 మాత్రమే. కుప్ప కరగడానికి 40 పనిదినాలు, అంటే వారానికి ఐదు రోజుల పని లెక్కన ఎనిమిది వారాలు పడుతుంది. మీరు 45 మాత్రమే చూడగలిగితే 80 పనిదినాలు. సరిగ్గా 40 మాత్రమే చూడగలిగితే ఎన్నటికీ కరగదు. ఇందులో బద్ధకం ఎక్కడుంది? మామూలు రోజుల్లో ఊపిరి సలపనంత పని ఉన్న మనిషికి, సెలవు తర్వాతి కుప్పను తీర్చే వెసులుబాటు ఉండదు.

1961లో జాన్ లిటిల్ రుజువు చేసిన సూత్రం ఎదురుచూసేవారి వైపు నుంచి ఇదే చెబుతుంది. క్యూలో సగటున ఉండేవాటి సంఖ్యను, రోజుకు వచ్చేవాటి సంఖ్యతో భాగిస్తే సగటు నిరీక్షణ వస్తుంది. మీ దగ్గర ఎప్పుడూ 400 పెండింగులో ఉండి, రోజుకు 40 వచ్చి 40 తేలుతూ ఉంటే, ప్రతి ఉత్తరమూ సగటున 10 రోజులు ఎదురుచూస్తుంది. మీరు ఇల్లు చేరాక రాత్రంతా ఎంత బెంగపడినా ఆ పది తొమ్మిది కాదు.

క్యూ సిద్ధాంతంలో 'సెలవు నమూనాలు' అని ఒక శాఖే ఉంది. కౌంటరులోని సేవకుడు మధ్యమధ్య లేచి వెళితే ఏమవుతుందని 1975లో లెవీ, యెచియాలి విశ్లేషించారు. భారతీయ గణితవేత్త ఎన్.యు. ప్రభు సంపాదకత్వంలో 1986లో మొదలైన 'క్యూయింగ్ సిస్టమ్స్' పత్రిక తొలి సంపుటంలోనే భరత్ దోషి ఈ నమూనాలపై సమీక్ష రాశారు. ఈ నమూనాల్లో సెలవు తప్పు కాదు, వ్యవస్థలో ఒక భాగం. దాన్ని ముందే లెక్కలోకి తీసుకోవాలి, అంతే.

అడుగున మిగిలేవి

కుప్పను ఎదుర్కొనేటప్పుడు అందరం చేసే పని ఒకటుంది. ముఖ్యమైనవి ముందు చూస్తాం. ఇది సహజమే. కానీ దానికీ ఒక ఖరీదు ఉంది. ఆల్బర్ట్-లాస్లో బారబాసి 2005లో 'నేచర్' పత్రికలో, ఇ-మెయిల్ జవాబుల వ్యవధిని విశ్లేషించారు. చాలా జవాబులు త్వరగా వెళ్ళిపోతాయి, కొన్ని మాత్రం విపరీతంగా ఆలస్యమవుతాయి. ప్రాధాన్యం ప్రకారం పని చేయడమే దీనికి కారణమని ఆయన వివరణ. పైకి కొత్త ముఖ్యమైనవి చేరుతున్నకొద్దీ, తక్కువ ప్రాధాన్యం ఇచ్చినవి అడుగునే ఉండిపోతాయి.

అదే ఏడాది ఆయన, జోవావో ఒలివేరా కలిసి డార్విన్, ఐన్‌స్టీన్‌ల ఉత్తరాలను పరిశీలించారు. భద్రపరచిన లెక్కల ప్రకారం డార్విన్‌కు అందినవి 6,530, ఆయన రాసినవి 7,591. ఐన్‌స్టీన్‌కు 16,200కు పైగా అందాయి, ఆయన 14,500కు పైగా రాశారు. సగానికి పైగా జవాబులు పది రోజుల లోపే వెళ్ళినా, కొన్ని నెలలూ, ఏళ్ళూ ఆగాయి.

ఐదు కొలతల విశ్వం గురించి థియొడోర్ కలూజా 1919లో ఐన్‌స్టీన్‌కు తన ఆలోచన పంపారు. ఐన్‌స్టీన్ మొదట మెచ్చుకుని, తర్వాత సందేహించి, 1921 అక్టోబరులో మళ్ళీ రాశాకే ఆ వ్యాసం అచ్చుకు కదిలింది. అక్కడ జాప్యానికి కారణం సందేహం, ఉత్తరాల కుప్ప కాదు. కానీ అవతల ఎదురుచూసేవారికి ఆ తేడా కనిపించదు. మీ పెట్టె అడుగున ఉన్నది ఎవరి పింఛను అర్జీయో, ఎవరి సిఫారసు ఉత్తరమో కావచ్చు. మీకు అది చిన్న ఉత్తరం. పంపినవారికి అదొక్కటే ఉత్తరం.

మళ్ళీ సీటు దగ్గరకు

2014లో జర్మనీ కార్ల సంస్థ డైమ్లర్ తన ఉద్యోగులకు ఒక వెసులుబాటు ఇచ్చింది. సెలవులో ఉన్నవారు కోరుకుంటే వారికి వచ్చిన ఇ-మెయిల్ తుడిచివేయబడుతుంది. తొందర పని ఉంటే ఫలానా వారికి రాయమని పంపినవారికి కబురు వెళుతుంది. చాలామంది తుడిచివేతను చూసి ఆశ్చర్యపోయారు. నిజానికి గమనించవలసింది రెండో భాగం. అది చార్జి అప్పగింతే!

2017 జనవరి 1 నుంచి ఫ్రాన్స్‌లో, పనివేళల తర్వాత ఉత్తరాలకు దూరంగా ఉండే హక్కుపై పెద్ద సంస్థలు ఉద్యోగుల ప్రతినిధులతో చర్చించాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. అలాంటి హక్కు కోసం 2018లో సుప్రియా సూలే మన లోక్‌సభలో ప్రవేశపెట్టిన ప్రైవేటు బిల్లు చట్టం కాలేదు. హక్కు అవసరమే. కానీ ఉత్తరం దారి మారనంతకాలం, మీరు దూరంగా ఉన్న రోజులు తిరిగి వచ్చాక కుప్పగా ఎదురవుతూనే ఉంటాయి.

దారి మార్చడానికి కొత్త యంత్రమేదీ అక్కరలేదు. ప్రతి చోటా 'పోస్ట్‌మాస్టర్' అనే చిరునామా ఉండాలని 1982 నాటి ఇ-మెయిల్ ప్రమాణమే విధించింది. సమాచారం, అమ్మకాలు, సహాయం వంటి పనుల పేరున చిరునామాలను 1997లో మరో ప్రమాణం సూచించింది. అవి సీటు చిరునామాలే. మీ ఆఫీసులో ప్రజలు, ఖాతాదారులు రాసే ఉత్తరాలు అలాంటి చిరునామాకు వచ్చి, ఇద్దరు ముగ్గురు వాటిని చూసే ఏర్పాటుంటే, ఒకరు సెలవు పెట్టినా కౌంటరు మూతపడదు.

ఆ ఏర్పాటు జరిగేలోగా మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. సెలవు కబురులో తప్పనిసరిగా మరొకరి పేరు ఇవ్వండి, వారిని ముందే అడిగి మరీ. తిరిగి వచ్చాక మొదటి వారం కొత్త పనులు ఒప్పుకోకండి. కుప్పను కరిగించేది ఆ తీరికే. రోజూ చూసే వాటిలో కొన్నింటిని అడుగు నుంచి తీయండి. మీ కింద పనిచేసేవారుంటే, వారు సెలవు నుంచి వచ్చిన రోజున పెండింగు ఎంతుందని అడిగే ముందు, ఆ పది రోజులూ వారి సీటు ఎవరికి అప్పగించారో మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి.