మీటరు అడిగే రెండో ప్రశ్న

దుకాణాలకు, కర్మాగారాలకు ఇప్పుడు అమరుస్తున్న స్మార్ట్ మీటర్లను ఈ శతాబ్దపు ఆవిష్కరణగా భావించడం పరిపాటి. వాటిలోని ఎలక్ట్రానిక్ సామగ్రి కొత్తదే. అవి అడిగే ప్రశ్న మాత్రం పాతది. ‘ఎంత వాడారు?’ అన్నది మొదటి ప్రశ్న. ‘ఎప్పుడు వాడారు, ఒక్కసారిగా ఎంత లాగారు?’ అన్నది రెండోది. ఈ రెండో ప్రశ్నకు నూట ముప్ఫై ఏళ్ళ చరిత్ర ఉంది.

ఎడిసన్ నెలకొల్పిన పెర్ల్ స్ట్రీట్ విద్యుత్కేంద్రం న్యూయార్క్‌లో 1882 సెప్టెంబరు 4న పనిచేయడం ఆరంభించింది. ఆయన మీటరు ఒక రసాయన పాత్ర. జింక్ సల్ఫేట్ ద్రావణంలో జింకు పలకలు మునిగి ఉండేవి. వాడిన విద్యుత్తులో స్వల్పాంశం అందులోగుండా పోతూ ఒక పలకనుండి జింకును కరిగించి మరొకదానిపై చేర్చేది. నెలకోసారి పలకలను తీసుకుపోయి, తూచి, బిల్లు కట్టేవారు. చలికి ద్రావణం గడ్డకట్టకుండా పెట్టెలో ఒక దీపం కూడా ఉండేది. 1883 జనవరిలో వెలువడిన తొలి బిల్లు ఆన్సోనియా బ్రాస్ అండ్ కాపర్ కంపెనీది: 50 డాలర్ల 44 సెంట్లు. అలా విద్యుత్ బిల్లుల చరిత్ర ఒక వ్యాపార సంస్థతోనే మొదలైంది. అయితే ఆ తూకం మొత్తం వాడకాన్నే చెప్పగలిగేది.

అది చాలదని 1892లో ఇంగ్లండులో జాన్ హాప్కిన్సన్ వాదించాడు. ఒక దుకాణం పది దీపాలను ఒక గంట, మరొకటి ఒకే దీపాన్ని పది గంటలు వెలిగిస్తే యూనిట్లు సమానమే. కాని మొదటి దుకాణం కోసం విద్యుత్కేంద్రం పదింతల సామర్థ్యాన్ని సిద్ధంగా ఉంచుకోవాలి. ఆ యంత్రాల ఖర్చు వాటిని వాడని వేళల్లోనూ ఆగదు. కాబట్టి సంసిద్ధతకొక రుసుము, వాడకానికొక రుసుము ఉండాలన్నాడు.

బ్రైటన్ నగర విద్యుత్ సంస్థలో ఆర్థర్ రైట్ ఇందుకు తగిన సాధనాన్ని రూపొందించాడు. విద్యుత్ ప్రవాహపు వేడికి గాజు గొట్టంలోని గాలి వ్యాకోచించి ద్రవాన్ని పక్క గొట్టంలోకి తోసేది. అక్కడ నిలిచిన మట్టమే ఆ కాలపు గరిష్ఠ డిమాండ్. 1894లో బ్రైటన్ వచ్చిన శామ్యూల్ ఇన్సల్, మూసిన దుకాణాల్లోనూ దీపాలు వెలుగుతుండటం చూసి ఆశ్చర్యపోయాడు. రైట్ విధానంలో గరిష్ఠ డిమాండ్‌కు తగిన తొలి వాడకానికి ధర ఎక్కువ, ఆపై వాడకానికి తక్కువ. ఇన్సల్ ఆ పద్ధతిని షికాగోకు తీసుకుపోయాడు.

శతాబ్దం తర్వాత బ్రిటన్‌లోనే ఈ ప్రశ్న మరింత సూక్ష్మమైంది. ఒక మెగావాట్ మించిన సంస్థలకు 1990లో, 100 కిలోవాట్లు మించినవాటికి 1994లో సరఫరాదారును ఎంచుకునే హక్కు లభించింది. విపణిలో ధర అరగంటకోసారి మారుతుంది కనుక రోజుకు 48 కొలతలు నమోదుచేసే మీటర్లు అవసరమయ్యాయి. నేటి స్మార్ట్ మీటరు ఆ అరగంటల లెక్కను చిన్న దుకాణందాకా తెచ్చింది.

తెలుగు రాష్ట్రాలలో హెచ్.టి. వినియోగదారుల బిల్లులో కె.వి.ఏ. లెక్కన కనిపించే డిమాండ్ చార్జీ హాప్కిన్సన్ వాదనకు వారసత్వమే. 2023లో సవరించిన కేంద్ర నిబంధనలు 10 కిలోవాట్ల పైబడిన వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు 2024 ఏప్రిల్ 1 నుంచి వేళనుబట్టి ధర ఉండాలని నిర్దేశించాయి. రద్దీ వేళల్లో వీరికి సాధారణ ధరకు కనీసం 1.2 రెట్లు, సౌర వేళల్లో కనీసం 20 శాతం తగ్గింపు. స్మార్ట్ మీటరులో నమోదైన గరిష్ఠ డిమాండ్‌ను చూపి, అది అమర్చకముందు కాలానికి అపరాధ రుసుము వేయరాదని కూడా ఆ నిబంధనలే చెప్పాయి. కొలత సూక్ష్మమయ్యేకొద్దీ కొలవబడేవారికి రక్షణ అవసరమని అవి అంగీకరించినట్టే.

శీతల గిడ్డంగి తన యంత్రాలను పగలు ఎక్కువసేపు నడిపి రాత్రి కొంత విశ్రాంతినివ్వగలదు. సాయంత్రం వచ్చే గిరాకీని టిఫిన్ హోటల్ మధ్యాహ్నానికి మార్చుకోలేదు. మీటరు ఇద్దరి వేళలనూ ఒకే నిష్ఠతో నమోదు చేస్తుంది. ఆ తేడాను గమనించవలసిన బాధ్యత ధర నిర్ణయించేవారిది.