రెండు రాతిదుంగల కథ

1879వ సంవత్సరం వసంతకాలంలో అమెరికా సైన్యానికి చెందిన ఒక చిన్న దళం, న్యూ మెక్సికోలోని ఫోర్ట్ వింగేట్ అనే సైనిక స్థావరం నుండి బయలుదేరి, పడమటి దిక్కుగా అరిజోనా ఎడారిలో ప్రవేశించినది. దళానికి నాయకుడు లెఫ్టినెంట్ హెగ్వాల్డ్. ఈసారి వారికి అప్పగించిన పనికి యుద్ధంతో సంబంధం లేదు. ఎడారిలో పడియున్న రాతిదుంగలలో మంచివి రెండు ఎంచి తీసికొని రావలెను. వాషింగ్టన్ నగరంలోని స్మిత్సోనియన్ సంస్థకు అవి కావలెనని సైన్యాధిపతి జనరల్ షెర్మన్ అంతకు ముందటి సంవత్సరం కోరియున్నాడు. దళం వారు రెండు దుంగలను సంపాదించినారు. అవి క్షేమంగా వాషింగ్టన్ చేరినవి.

రాళ్ళు ఏరుటకు సైన్యం పోవుట వింతగా తోచవచ్చును. కాని ఆ దుంగలు 128 సంవత్సరాల తరువాత కూడ శాస్త్రానికి ఒక కొత్త సంగతి చెప్పగలిగినవి. అదే ఎడారి నుండి తరువాతి కాలంలో రైలు పెట్టెల కెత్తి తరలించిన రాళ్ళకు ఆ శక్తి లేకపోయినది. ఈ భేదానికి కారణమేమో రాళ్ళు సేకరించే ప్రతివారును తెలిసికొనదగినది.

ఎడారిలో అడవి

అరిజోనా రాష్ట్రపు ఈశాన్య భాగంలో ఎరుపు, ఊదా, బూడిద రంగుల చారలు గల మట్టి గుట్టలు మైళ్ళ కొలది వ్యాపించియున్నవి. వాటి నడుమ చెట్ల మానులు నేలపై పడియుండును. దూరం నుండి చూచినవానికి నిన్ననో మొన్ననో ఎవరో రంపంతో కోసి వదలిపెట్టిన దుంగలవలె కనిపించును. బెరడు గరుకుదనం, కొమ్మ విరిగిన చోటి కణుపు, అన్నియు స్పష్టమే. చేయి వేసి చూచినచో మాత్రం చల్లని రాయి.

యూరపు జాతులవారు ఆ ప్రాంతానికి రాకపూర్వమే అక్కడి ప్రజలు ఈ రాళ్ళను ఎరుగుదురు. వాటిని పగులగొట్టి బాణపు ములుకులు చేసికొన్నారు. సుమారు 700 సంవత్సరాలకు పూర్వం ప్యూబ్లో ప్రజలు ఈ రాతిదుంగల ముక్కలనే పేర్చి ఒక ఇల్లు కట్టినారు. దాని గోడలను నేటికిని చూడవచ్చును. ఈ దుంగలు పూర్వం చంపబడిన ఒక మహాకాయుని ఎముకలని నవహో ప్రజల కథ. పాయూట్ ప్రజలు వీటిని తమ ఉరుము దేవుని బాణాలన్నారు. చెట్టు రాయి అగుట మానవుని ఊహకు అందని విషయం కనుక కథ పుట్టుట సహజమే.

1851లో సిట్‌గ్రీవ్స్ నాయకత్వాన వచ్చిన సైనిక బృందం ఈ దుంగలను గూర్చి మొదటిసారిగా వ్రాసినది. 1853లో రైలు మార్గం కొరకు నేల సర్వే చేయుచు వచ్చిన లెఫ్టినెంట్ విపుల్ అక్కడి ఒక వాగుకు లిథోడెండ్రాన్ అని పేరు పెట్టినాడు. గ్రీకు భాషలో ఆ మాటకు రాతిచెట్టు అని అర్థం.

మాను రాయి అయిన విధం

అడవిలో కూలిన మాను సాధారణంగా ఏమగును? చెదలు తినును, బూజు పట్టును, కొన్నేండ్లలో మట్టిలో కలియును. ఈ దుంగలు ఆ గతి తప్పించుకొన్నవి. నేటికి సుమారు 22 కోట్ల సంవత్సరాల క్రిందట, ట్రయాసిక్ యుగంలో, ఆ ప్రదేశం భూమధ్యరేఖకు చేరువగా ఉండెడిది. పెద్ద నదులు పారెడివి. కూలిన మానులు వరదలో కొట్టుకొని వచ్చి ఒండ్రుమట్టి క్రింద కప్పబడినవి. అక్కడ గాలి తగులదు. గాలి లేనిచోట కలపను కుళ్ళింపజేయు జీవుల పని మందగించును.

ఒండ్రుతోపాటు అగ్నిపర్వతాల బూడిదయు అక్కడ పడినది. ఆ బూడిదలో సిలికా హెచ్చుగా ఉండును. ఇసుకలోని ముఖ్య పదార్థం కూడ సిలికాయే. భూజలం బూడిదలోని సిలికాను కొద్దికొద్దిగా కరగించుకొని దుంగలలోనికి ఇంకినది. అది కణాల గోడలకు పట్టి, కణాల ఖాళీలలో నిండి, కాలక్రమాన స్ఫటికంగా గట్టిపడినది. బూడిదగుమ్మడి ముక్క పాకంలో ఉడికి చక్కెర పీల్చుకొని గట్టిపడినను దాని ఆకారం చెడదు గదా! ఇదియు అట్టిదే. భేదమేమనగా, ఇక్కడ పాకం గట్టిపడిన పిమ్మట ముక్కలోని అసలు పదార్థం చాలవరకు నశించినది.

రంగులు ఇనుము, మాంగనీసుల వలన కలిగినవి. ఇనుము ఆక్సైడులు ఎరుపు, పసుపు రంగులను, మాంగనీసు సమ్మేళనాలు నలుపును ఇచ్చినవి. స్ఫటికం ఉక్కు చాకుతో గీసినను గీత పడనంత కఠినమైనది, కాని పెళుసు. తరువాతి యుగాలలో ఆ నేల పైకి లేచినప్పుడు లోపలి దుంగలు ఒత్తిడికి ఓర్వలేక అడ్డంగా విరిగినవి. రంపపు కోత అని చూపరులు భ్రమపడునది ఆ విరుగుడే.

రాతిలోని కణాలు

ఇట్టి రాతికలపను సూక్ష్మదర్శినితో పరీక్షించిన తొలివారిలో ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ హుక్ ముఖ్యుడు. 1665లో ప్రచురించిన మైక్రోగ్రాఫియా గ్రంథంలో అతడు దానిని మామూలు కలపతో పోల్చి, బరువు, కాఠిన్యం, నిప్పుకు కాలకపోవుట మొదలైన భేదాలు చూపుచునే, రెంటికిని నిర్మాణం ఒక్కటే అని గ్రహించినాడు. ఖనిజద్రవ్యంతో నిండిన నీటిలో నానుట చేతనే కలప రాయి అయినదని అతని ఊహ. నేటి వివరణకు అది చాలవరకు దగ్గరగా ఉన్నది.

ఎడింబరోలో విలియం నికల్ కాలంలో మరొక ముందడుగు పడినది. రాతికలప నుండి పలుచని బిళ్ళను కోసి, గాజుపలకపై అంటించి, వెలుతురు దూరునంత పలుచబడువరకు అరగదీయుట ఆ పద్ధతి. హెన్రీ విథం 1831లో వెలువరించిన శిలావృక్షాల గ్రంథానికి ఈ పద్ధతియే ఆధారం. దాని వలన రాతిలో కణాల వరుసలు, వాటి గోడలపై గుంతలు సైతం కనిపించినవి. ఇక రాయిని చూచి చెట్టు జాతి చెప్పుటకు వీలు చిక్కినది.

హెగ్వాల్డ్ తెచ్చిన దుంగలను వాషింగ్టన్‌లో నోల్టన్ అను శాస్త్రజ్ఞుడు ఈ విధంగానే పరీక్షించినాడు. ఆ దుంగలను, న్యూ మెక్సికో నుండి వచ్చిన మరొక మచ్చును ఆధారంగా గైకొని, ఇవన్నియు ఒకే జాతి వృక్షమని నిర్ణయించి, 1889లో దానికి అరాకేరియాక్సిలాన్ అరిజోనికం అని నామకరణం చేసినాడు. మన తోటలలో క్రిస్మస్ చెట్టు అని పెంచే అరాకేరియా కలపతో దీనికి పోలిక ఉండుట చేత ఆ పేరు వచ్చినది.

రైలు వచ్చిన తరువాత

1880వ దశకంలో ఆ ఎడారి మీదుగా రైలు నడిచినది. అంతవరకు కొద్దిమందికే తెలిసిన రాతిదుంగలు సరుకుగా మారినవి. వాటిని కోసి, మెరుగు పెట్టి, బల్లల పైపలకలుగా, ఇంటి అలంకారాలుగా అమ్మినారు. దుంగల బోలులో పెరిగిన ఊదారంగు స్ఫటికాల కొరకు కొందరు డైనమైట్ పెట్టి దుంగలనే పేల్చినారు. దుంగలను పిండి చేసి సానపట్టే పొడిగా అమ్మవలెనని ఆడమానా స్టేషను చెంత ఒక మర సైతం లేచినది.

స్థానికులకు భయం పుట్టినది. 1895లో అరిజోనా శాసనసభ ఈ అడవిని కాపాడవలసినదని అమెరికా కాంగ్రెసును అర్థించినది. 1899లో లెస్టర్ వార్డ్ అను వృక్షశిలాజ శాస్త్రజ్ఞుడు స్వయంగా వచ్చి చూచి, ఆ కోరికను బలపరచినాడు. 1906 డిసెంబరు 8న అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఈ ప్రదేశాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించినాడు. 1962లో అది జాతీయోద్యానవనమైనది.

అయినను చిన్న చిన్న ముక్కల దొంగతనం ఆగలేదు. విచిత్రమేమనగా, తీసికొనిపోయినవారిలో కొందరు పశ్చాత్తాపపడి, క్షమాపణ లేఖతో రాయిని టపాలో తిప్పి పంపుదురు. అటువంటి లేఖలను ఉద్యానవనం వారు భద్రపరచినారు. రాళ్ళను మాత్రం మరల అడవిలో పెట్టుటకు వీలులేదు. ఏ గుట్ట, ఏ పొర నుండి తీసినారో తెలియదు కనుక, తోచినచోట పడవేసినచో రేపటి పరిశోధకుడు మోసపోవును. అందుచేత వాటిని విడిగా ఒక కుప్పగా పోసినారు. రాయి తిరిగి వచ్చినది. దాని చిరునామా రాలేదు.

మచ్చుకు చిరునామా

ఇప్పుడు మరల ఆ మొదటి దుంగలను చూడవలెను. అరిజోనా రాతిచెట్లు అనగానే శతాబ్దికి పైగా అందరును నోల్టన్ పెట్టిన పేరే చెప్పుచు వచ్చినారు. కెనడాకు చెందిన రాడ్నీ సావిడ్జ్ నోల్టన్ ఆధారపడిన మూల మచ్చులను తిరిగి పరీక్షించి, 2007లో తన ఫలితాలు ప్రకటించినాడు. నోల్టన్ ఒకే జాతి అన్న మచ్చులు నిజానికి ఒకే విధమైన కలప కావని, అక్కడి అడవిలో అనేక రకాల వృక్షాలు ఉండెడివని అతడు చూపినాడు. నోల్టన్ పొరపాటు పడుటలో వింత లేదు. ఆ పొరపాటును పట్టుకొనుటకు వీలైనదేల? మచ్చులు చెడకుండ ఉన్నవి. ఎక్కడివో వ్రాసి ఉన్నది. ఎవరు అడిగినను మరల చూపుటకు ఒక సంస్థ ఉన్నది. బల్లపలకలైన దుంగలను ఎవరు ప్రశ్నింపగలరు?

మన దేశంలోను ఇట్టి సంపద కొద్దిది కాదు. తమిళనాడులో పుదుచ్చేరికి సమీపాననున్న తిరువక్కరై రాతిమానులను గూర్చి ఫ్రాన్సు దేశస్థుడు సొన్నెరా 1781లోనే వ్రాసినాడు. కడలూరు ఇసుకరాళ్ళలోని ఆ మానుల వయస్సు సుమారు 2 కోట్ల సంవత్సరాలు. నేడు అది జాతీయ భూవిజ్ఞాన స్మారకం. తిరుచ్చిరాపల్లికి ఈశాన్యంగా సాత్తనూరులో 18 మీటర్ల పొడవుగల మాను ఒకటి కలదు. కడలూరు ఇసుకరాళ్ళను పోలినవి మన రాజమహేంద్రవరం పరిసరాలలోను ఉన్నవి; అక్కడ సైతం రాతికలప దొరకినది.

విద్యార్థులతో వాగులకు, గుట్టలకు విహారం పోవు ఉపాధ్యాయులు సుత్తి కంటె ముందు ఒక పుస్తకం, పెన్సిలు చేతికీయవలెను. రక్షిత ప్రదేశంలో చూచి, బొమ్మ గీసికొని, రాతిని ఉన్నచోటనే ఉంచవలెను. అనుమతి ఉన్నచోట ఒక్క మచ్చు తీసికొన్నను, ఊరు, వాగు, రాతిపొర, తేదీ వెంటనే వ్రాసి ఆ చీటీని రాతితో జతపరచవలెను. హెగ్వాల్డ్ దళం మోసికొని వచ్చినది రెండు దుంగలే. అవి ఎక్కడివో తెలిసియుండుట చేతనే నేటికిని మాట్లాడుచున్నవి.