'బాస్': ఒకే మాట, రెండు దేశాల చరిత్ర

ఆఫీసులో పై అధికారిని, టీ కొట్టు దగ్గర స్నేహితుణ్ణి, ముక్కూమొహం తెలియని ఆటో డ్రైవర్‌ని కూడా మనం 'బాస్' అంటాం. పని చెప్పి చేయించేవాడు, పెత్తనం ఉన్నవాడు అని దీని అసలు అర్థం. ఇది ఇంగ్లిష్‌లో పుట్టిన మాట కాదు. డచ్ భాషలో యజమానికి ఉన్న పేరు.

17వ శతాబ్దంలో డచ్ వాళ్లు ఇప్పటి న్యూయార్క్ ప్రాంతంలో వలస ఏర్పాటు చేసుకున్నారు. 1664లో ఆ వలస ఇంగ్లిష్ వాళ్ల చేతికి వెళ్లింది. పాలన మారినా మాట మిగిలింది. 19వ శతాబ్దం మొదటి దశాబ్దాల నాటికి అమెరికన్ ఇంగ్లిష్‌లో స్థిరపడింది.

యజమానికి ఇంగ్లిష్‌లో అప్పటికే 'మాస్టర్' ఉండగా కొత్త మాట ఎందుకు? అమెరికాలో 'మాస్టర్' అంటే బానిసల యజమాని. కూలికి పనిచేసే తెల్లవాళ్లు ఆ మాట పలకడానికి ఒప్పుకోలేదు. పలికితే నల్లజాతి బానిసల వరుసలో చేరిపోతామని వాళ్ల భయం. చరిత్రకారుడు డేవిడ్ రోడిగర్ 'ది వేజెస్ ఆఫ్ వైట్‌నెస్' (1991)లో ఈ సంగతి చర్చించారు. యజమాని అలాగే ఉన్నాడు, పిలుపు మాత్రమే మారింది. పైవాడిని దించలేనప్పుడు కిందివాడికి దూరం జరగడం అనే ఈ పద్ధతి, అంబేడ్కర్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానత తెలిసిన మనకు కొత్త కాదు.

దక్షిణాఫ్రికాలో ఇదే డచ్ మాట ఎదురు దారిలో నడిచింది. 1652లో కేప్‌లో దిగిన డచ్ వాళ్ల భాష నుంచి ఆఫ్రికాన్స్ పుట్టింది. అక్కడ నల్లవాళ్లు తెల్లవాళ్లను 'బాస్' అనే పిలవాల్సి వచ్చేది. దాని నుంచే 'బాస్‌కాప్', అంటే తెల్లవాళ్ల పెత్తనం అనే మాట వచ్చింది. 1954 నుంచి 1958 వరకు ప్రధానిగా ఉన్న స్ట్రైడమ్ దాన్ని తన విధానంగా బాహాటంగానే చెప్పుకున్నాడు.

మన దగ్గర 'నీ బాంచన్ దొరా, కాల్మొక్తా' అన్నదీ అలాంటి పిలుపే. వెట్టి చేసే మనిషి అనాలి, దొర వినాలి. దొర తిరిగి ఆ మాట అనడు. 1946-51 తెలంగాణ సాయుధ పోరాటం ఎదిరించిన వాటిలో ఈ పిలుపు కూడా ఒకటి.

స్నేహితుణ్ణి 'బాస్' అంటే అతనూ మనల్ని 'బాస్' అంటాడు. పొలంలో, హాస్టల్లో, ఆఫీసులో ఎదుటివాళ్లు మనల్ని తిరిగి ఏమని పిలుస్తున్నారు? పెత్తనం ఎక్కడుందో తెలియాలంటే అది చూడాలి.