పెచ్చు లేవని అంచు: గాజు కోత చరిత్రలో పగులు, అరగదీత

గాజును కోయడం అంటారు గానీ, నిజానికి చాలాకాలం జరిగింది పగులును అదుపు చేయడమే. 12వ శతాబ్దపు థియోఫిలస్ లాటిన్ గ్రంథం ప్రకారం, కాల్చిన ఇనుము అంచున ఆనిస్తే పగులు పుట్టి, ఇనుము సాగిన వైపే సాగుతుంది. వంకర మిగిలిన అంచును గాడి ఉన్న ఇనుప పనిముట్టుతో కొరికి సరిచేసేవారు. మధ్యయుగపు కిటికీ గాజుల అంచులు గాట్లుగాట్లుగా ఉండేది అందుకే.

తరువాత వచ్చిన వజ్రం తన కాఠిన్యం వల్లనే కోస్తుందని అనుకోవడం సహజం. 1816లో విలియం హైడ్ వొలాస్టన్ లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఈ భావనను సవరించాడు. వజ్రస్ఫటికపు సహజమైన వంపు అంచు గాజును గీరదు, లోపలికి సన్నని పగులును తెరుస్తుంది. కెంపు వంటి రాళ్లకు అదే వంపు ఇస్తే అవీ కోశాయి, కానీ త్వరగా అరిగిపోయాయి. కోతకు మూలం ఆకారం. కాఠిన్యం ఇచ్చేది మన్నికను. ఈ చిన్న వ్యాసానికి సాంకేతిక చరిత్రలో ఇంకా పెద్ద పీట దక్కవలసి ఉంది.

నేడు ఇంటి పనిశాలలో రౌటర్‌కు వజ్రపుపొడి అంటిన బిట్ బిగించేవారిది వేరే దారి: అరగదీత. ప్రతి రేణువూ ఒక చిన్న పగులును పుట్టిస్తుంది. ఎడతెగని నీరు, పైపైన తీసే కోత, అడుగున గట్టి ఆధారం లేకపోతే, బిట్ బయటపడేచోట పెచ్చు లేస్తుంది.