ట్యాంకు పుట్టుపూర్వోత్తరములు

హైదరాబాదులో ట్యాంకుబండ్ అన్నచో హుస్సేన్ సాగరము కట్ట అని చిన్నపిల్లలకు కూడ తెలియును. మేడమీద నీరు నిలువచేయు తొట్టిని కూడ మనము ట్యాంకు అనియే పిలుతుము. కాని యుద్ధవార్తలు చదువునపుడు అదే మాటకు ఫిరంగిని మోసికొని నడచు ఉక్కు శకటము అని అర్థము చెప్పుకొందుము. నీటితొట్టికిని, యుద్ధశకటమునకును ఒకే పేరు ఎట్లు వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానము 1915లో ఇంగ్లండు దేశమందలి ఒక వ్యవసాయ యంత్రముల కర్మాగారములో దొరకును. ఆ కథలో భౌతికశాస్త్ర పాఠములు కూడ కొన్ని ఇమిడియున్నవి.

1914 జూలై చివర మొదటి ప్రపంచ యుద్ధము ఆరంభమైనది. ఆ సంవత్సరాంతమునకు పశ్చిమ రంగములో ఇరుపక్షముల సేనలును కందకములు త్రవ్వుకొని, స్విట్జర్లండు సరిహద్దునుండి ఉత్తర సముద్రమువరకు ఎదురెదురుగా నిలిచిపోయినవి. కందకముల ముందు ముళ్లతీగ. దాని వెనుక నిమిషమునకు నాలుగైదు వందల గుండ్లు కురిపించు మెషిన్ గన్నులు. అమెరికాలో పశువులు చేలలో పడకుండ కట్టిన ముళ్లతీగయే ఇచ్చట మనుష్యులను నిలిపివేసినది. తీగకు చిక్కుకొన్న సిపాయి గుండుకు ఎర కాక తప్పదు. 1916 జూలై 1వ తేదీన ఫ్రాన్సులోని సోమ్ నదీప్రాంతమున దాడి ఆరంభించిన బ్రిటిషు సైన్యములో ఆ ఒక్క దినముననే సుమారు 57,000 మంది హతులో, గాయపడినవారో అయిరి. వారిలో మరణించినవారే 19,000కు పైగా ఉండిరి.

ఆ సోమ్ యుద్ధమునందే మన ప్రాంతపు పేరు గల దళమొకటి పాల్గొన్నది. అది సికిందరాబాదు అశ్విక బ్రిగేడు. 1916 జూలై 14వ తేదీ సాయంకాలమున ఈ బ్రిగేడులోని దక్కన్ హార్స్ రౌతులు, బ్రిటిషు డ్రాగూన్ రౌతులతో కలిసి, హైవుడ్ అను చిన్న అడవి సమీపమున ఈటెలు చేపట్టి గుఱ్ఱములపై శత్రువును తరిమిరి. వారి ధైర్యమునకు లోటు లేదు. కాని సాధించిన స్థలమును నిలుపుకొను అవకాశము లేక రాత్రియే వెనుకకు మరలవలసి వచ్చినది. గుఱ్ఱపుడెక్కకు మెషిన్ గన్ను ఎదుట కాలము చెల్లినది. గుండుకు చెక్కుచెదరక, తీగను త్రొక్కివేసి, కందకమును దాటి, బురదలో దిగబడక నడువగల వాహనమొకటి కావలసియుండెను.

గుండుకు ఉక్కురేకు చాలును. నిజమైన చిక్కు బురదతోనే వచ్చినది. ఉక్కుతో బరువు పెరుగును, బరువుతో చక్రము దిగబడును. ఒక వస్తువు నేలను ఎంత గట్టిగా నొక్కునో దాని బరువునుబట్టి మాత్రమే కాక, ఆ బరువు ఎంత వైశాల్యముమీద పడుచున్నదో దానినిబట్టి కూడ ఉండును. బరువును వైశాల్యముచే భాగించినచో పీడనము వచ్చును. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో తేలికగా చూపవచ్చును. తడియిసుక నింపిన పళ్లెములో ఒక ఇటుకను మొదట వెడల్పుగా పరుపుడు, పిమ్మట నిలువుగా నిలుపుడు. ఇటుక ఒకటే, బరువు ఒకటే. నిలువుగా నిలిపినపుడు ఇసుకలో ఎక్కువగా దిగును. వరిపొలములో దమ్ముచేయు ట్రాక్టరుకు వెడల్పైన ఇనుపచక్రములు తగిలించుటలోని రహస్యమిదియే.

ఈ సూత్రమును మొదట చక్కగా వినియోగించినవారిలో అమెరికాకు చెందిన బెంజమిన్ హోల్ట్ ఒకడు. కాలిఫోర్నియాలోని మెత్తని డెల్టా నేలలలో ఆవిరి ట్రాక్టరులు దిగబడిపోవుచుండగా, అతడు 1904లో చక్రములకు బదులు గొలుసువలె కూర్చిన పలకల పట్టాను అమర్చి నడిపి చూపెను. ఆ యంత్రము తన బాటను తానే ముందు పరచుకొనుచు, వెనుకనుండి ఎత్తుకొనుచు సాగిపోవును. యుద్ధకాలమున ఈ ట్రాక్టరులే పెద్ద ఫిరంగులను లాగుటకు పనికివచ్చినవి. ఇట్టి పట్టాలపై సాయుధ శకటమును నడుపవచ్చునని 1914లోనే సూచించినవారిలో బ్రిటిషు సైనికాధికారి ఎర్నెస్ట్ స్వింటన్ ముఖ్యుడు.

1915 ఫిబ్రవరిలో నౌకాదళ మంత్రి విన్‌స్టన్ చర్చిల్ ఈ పనికై ఒక సంఘమును నియమించెను. భూమిపై నడచు యుద్ధనౌకను నిర్మించుట దాని పని. సుమారు 12 మీటర్ల వ్యాసము గల చక్రములతో మహాశకటము కట్టవలెనని కూడ ఒక ప్రతిపాదన వచ్చినది. అంత ఎత్తైనది ఫిరంగులకు సులభముగా గురియగునని దానిని విడిచిపెట్టిరి. చివరకు లింకన్ పట్టణములో వ్యవసాయ యంత్రములు తయారుచేయు ఫోస్టర్ కంపెనీకి ఆ పని అప్పగింపబడెను. ఆ కంపెనీ అధిపతి విలియం ట్రిటన్, ఇంజనీరు వాల్టర్ విల్సన్ కలిసి కృషిచేసిరి. అమెరికానుండి తెప్పించిన పట్టాలు శకటపు బరువునకు ఆగక జారిపోయినవి. 1915 సెప్టెంబరులో ట్రిటన్ ఉక్కుపలకలతో క్రొత్త పట్టాను రూపొందించెను, అది నిలిచినది. ఆ తొలి నమూనాకు లిటిల్ విల్లీ అని పేరు. అది నేటికిని ఇంగ్లండులోని బోవింగ్టన్ ప్రదర్శనశాలలో భద్రముగా ఉన్నది.

ఇంత పెద్ద యంత్రమును తయారుచేయుచు రహస్యము కాపాడుట ఎట్లు? పనివారికిని, చూచువారికిని ఇవి నీటిని మోయు తొట్టెలు అని చెప్పిరి. 1915 డిసెంబరునాటికి కాగితములపై కూడ ట్యాంకు అనియే వ్రాయసాగిరి. శత్రువును మభ్యపెట్టుటకు పెట్టిన ఆ పేరే ప్రపంచమంతట స్థిరపడినది.

యుద్ధరంగమునకు వెళ్లిన మొదటి రకమునకు మార్క్-1 అని పేరు. దాని బరువు 28 టన్నులు, పొడవు సుమారు 8 మీటర్లు. పట్టా ఒక్కొక్కటి 52 సెంటీమీటర్ల వెడల్పు. మెత్తని నేలలో పట్టా రెండున్నర మీటర్ల పొడవున ఆనినదనుకొందము. అపుడు రెండు పట్టాల వైశాల్యము 26,000 చదరపు సెంటీమీటర్లు. బరువు 28,000 కిలోగ్రాములు. అనగా చదరపు సెంటీమీటరునకు ఒక కిలోగ్రాము పైచిలుకు మాత్రమే. అదే బరువును నాలుగు సన్నని చక్రములపై మోపినచో పీడనము దీనికి ఎన్నియో రెట్లు అగును.

శకటమునకు ప్రక్కకు వాలిన చతురస్రమువంటి ఆకారము నిచ్చి, పట్టాను దాని చుట్టును త్రిప్పిరి. ముందుభాగము ఎత్తుగా ఉండుటచే అది గట్టు నెక్కగలదు. ఇక కందకము మాట. బల్లపై ఒక స్కేలును ఉంచి అంచు దాటునట్లు మెల్లగా నెట్టి చూడుడు. గురుత్వకేంద్రము అంచును దాటగనే స్కేలు క్రింద పడును. అంతకు ముందే దాని కొన ఎదుటి బల్లను అందుకొన్నచో పడదు. కనుక 8 మీటర్ల శకటము 4 మీటర్లకు లోపు వెడల్పుగల కందకమును మాత్రమే దాటగలదు. మార్క్-1 దాటగలిగినది సుమారు మూడున్నర మీటర్లు.

బయటినుండి భీకరముగా కనిపించిన ఈ శకటము లోపలివారికి నరకమే. ఎనిమిది మందిలో నలుగురు కేవలము దానిని నడుపుటకే కావలసియుండిరి. 105 అశ్వశక్తిగల ఇంజను వారి నడుమనే, అడ్డుగోడ లేక, మ్రోగుచుండెను. వేడి 50 డిగ్రీల సెంటీగ్రేడు వరకు పెరుగుచుండెను. మాట వినిపించనందున ఇంజను మూతపై సుత్తితో కొట్టి సంజ్ఞలు చేసికొనిరి. అన్నిటికంటె ప్రమాదకరమైనది కంటికి కనపడని కార్బన్ మోనాక్సైడు. రక్తములోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువును పట్టుకొనును. అందుచే శరీరమునకు ప్రాణవాయువు అందదు. తలనొప్పితో, వాంతులతో సిపాయిలు స్పృహతప్పి పడిపోయెడివారు. గుండ్లనుండి కాపాడుటకు కట్టిన గోడలే గాలిని కూడ ఆపివేసినవి.

1916 సెప్టెంబరు 15న సోమ్ రంగమునకే మొదటి ట్యాంకులు వచ్చినవి. కేటాయించిన 49లో సుమారు 32 మాత్రమే బయలుదేరు స్థలమునకు చేరగలిగినవి. ఫ్లెర్ గ్రామపు వీధిలో ఒక ట్యాంకు నడచి సాగగా పదాతులు దాని వెంట నడచిరి. కాని రెండు నెలల క్రితము మన రౌతులు పోరిన హైవుడ్ అడవిలో, విరిగిన చెట్ల మోడులమధ్య ట్యాంకులు చిక్కుపడినవి. అడవి ఆ దినముననే వశమైనను ఆ కీర్తి ట్యాంకులది కాదు.

1917 జూలై చివర బెల్జియములోని ఈప్ర్ వద్ద వర్షములకును, ఫిరంగి గుండ్లకును నేల అడుసుగా మారగా అనేక ట్యాంకులు అందులోనే కూరుకొనిపోయినవి. పట్టా పీడనమును తగ్గించునే గాని పూర్తిగా తొలగింపదు. అదే సంవత్సరము నవంబరు 20న కాంబ్రే వద్ద గట్టినేల దొరికినది. 476 ట్యాంకులు ఒకేసారి కదలినవి. వెడల్పైన కందకములలో కట్టెలమోపులు పడవేసి వాటిపై దాటినవి. ఇంగ్లండులో చర్చి గంటలు మ్రోగించిరి. అయినను పది దినముల తరువాత జర్మనులు ఎదురుదాడి ఆరంభించి పోయిన భూమిలో చాలభాగమును తిరిగి పట్టుకొనిరి. యంత్రమొక్కటియే యుద్ధమును గెలువజాలదని, పదాతులు, ఫిరంగులు, విమానములు దానితో కలిసి పనిచేయవలెనని సేనానులు గ్రహించిరి. 1918 ఆగస్టు 8న ఆమియెన్ వద్ద ఆ పాఠము ఫలించినది.

హైవుడ్ వద్ద ఈటెలు పట్టిన దక్కన్ హార్స్ కూడ కాలక్రమమున గుఱ్ఱములను విడిచినది. 1965 సెప్టెంబరులో పంజాబులోని అసల్ ఉత్తర్ వద్ద ఆ దళము పోరాడినది షెర్మన్ ట్యాంకులతో.

పొలమునకై పుట్టిన పట్టా యుద్ధమునకు పోయినది. కాని అచ్చటనే నిలిచిపోలేదు. నేడు రోడ్లు వేయు బుల్డోజరులు, ఆనకట్టలవద్ద మట్టి త్రవ్వు యంత్రములు, తడి ఆరని వరిచేలలో కోతకోయు చైన్ హార్వెస్టరులు దాని మీదనే నడచుచున్నవి. పీడన సూత్రమునకు పొలమనియు, రణరంగమనియు భేదము లేదు. దానిని ఎచ్చట వినియోగింపవలెనో నిర్ణయించువారు మనుష్యులే. సోమ్ మైదానములో ఒక్క దినమున నేలకొరిగిన 19,000 మందిని తలచుకొన్నచో ఆ నిర్ణయమెంత బరువైనదో విద్యార్థులకు బోధపడును.